పాత ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్ టార్గెట్ పిస్టళ్ల ట్రిగ్గర్ గురించే. కొత్త మ్యాచ్ పిస్టల్ ధర లక్షల్లోకి పోతున్నప్పుడు, ముప్పై నలభై ఏళ్ల కిందటి జర్మన్ పిస్టల్ కొనుక్కోవడం తెలివైన పనే. అయితే అది ఎందరి చేతులు మారిందో, ఎవరు ఏ స్క్రూ తిప్పారో తెలియదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

సైడ్ లివర్ ఉన్న ఫైన్‌వెర్క్‌బావ్ 65 అగ్గువకు దొరికింది. ట్రిగ్గర్ బాగా గట్టిగా ఉంది. పైగా మొదటి గుంజుడు ఆగిన తర్వాత కూడా ఇంకొంచెం జారి, ఎప్పుడో పేలుతుంది. ఏ స్క్రూ తిప్పాలి? – మిర్యాలగూడ

ఇప్పుడే ఏ స్క్రూనూ ముట్టకండి. ఈ మోడల్‌లో ట్రిగ్గర్ బరువును, అంటే పేలడానికి వేలు లాగాల్సిన బలాన్ని, 500 గ్రాముల నుంచి ఒక్కసారిగా 1360 గ్రాములకు మార్చే చిన్న లివర్ ఉంటుంది. 1360 గ్రాములంటే మూడు పౌండ్లు, అంటే ఒకప్పటి పెద్ద తూటాల సెంటర్‌ఫైర్ పోటీల బరువు. ఆ పోటీలకు ఇదే పిస్టల్‌తో సాధన చేసుకునే వీలు కోసం పెట్టిన ఏర్పాటు. పాత యజమాని దాన్ని బరువు వైపే వదిలేసి అమ్మితే, కొన్నవారు ట్రిగ్గర్ పాడయిందనుకొని స్క్రూడ్రైవర్ పట్టుకుంటారు. ముందు ఆ లివర్ ఎటు ఉందో చూడండి.

లివర్ సరిగ్గానే ఉంటే, మీరు రాసిన రెండు ఫిర్యాదులనూ విడదీసి చూడాలి. గట్టిగా ఉండటం స్ప్రింగ్‌కు సంబంధించినది. జారడం సియర్‌కు సంబంధించినది. కాక్ చేసిన (సైడ్ లివర్ లాగి స్ప్రింగ్ బిగించిన) పిస్టన్‌ను వెనక ఆపి ఉంచే కొక్కెం వ్యవస్థే సియర్. రెండు ఉక్కు అంచులు ఒకదానిమీద ఒకటి ఎంత మేర ఆనుకొని ఉంటే, విడిపోయే లోపు ట్రిగ్గర్ అంత దూరం జారుతుంది. బరువు స్క్రూ ఎంత తిప్పినా ఆ జారుడు పోదు. సియర్ స్క్రూ తిప్పితే బరువు కూడా కొంత మారుతుంది. అందుకే పనికి ఒక వరుస ఉంది: మొదట శుభ్రం చేయడం, తర్వాత సియర్ పట్టు, ఆపై మొదటి దశ (ట్రిగ్గర్ తేలిగ్గా వచ్చి ఆగే మొదటి గుంజుడు), ఆనక స్టాప్ స్క్రూ, అన్నిటికన్నా చివర బరువు. బరువు ముందే సరిచేసి తర్వాత సియర్ తిప్పినవారు చేసిన పనినే మళ్లీ చేయాల్సి వస్తుంది.

మీ మోడల్ మాన్యువల్‌లోని బొమ్మ దగ్గర పెట్టుకొని ఏ స్క్రూ దేనికో తేల్చుకోండి. ఊహించి తిప్పొద్దు. ప్రతి స్క్రూ తలమీద మొదలై పక్కనున్న లోహం మీదికి సాగేలా సన్నటి మార్కర్‌తో ఒక గీత గీయండి. ఎటు ఎంత తిప్పారో కాగితం మీద రాస్తూ పొండి. స్క్రూడ్రైవర్ మొన గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి. మొబైల్ రిపేరు సెట్‌లోని మెత్తటి మొనలు గాడిని చెక్కేస్తాయి, ఆ తర్వాత స్క్రూ కదలదు.

సియర్ స్క్రూను పిస్టల్ కాక్ చేయనప్పుడే తిప్పాలి, అదీ ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు. తర్వాత కాక్ చేసి, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టి, గుండును ఆపే పెట్టె అయిన ట్రాప్‌లోకి కాల్చి చూడాలి. స్ప్రింగ్ పిస్టల్‌ను ఖాళీగా పేల్చకండి. ముందు పెల్లెట్ లేకపోతే పిస్టన్‌కు గాలి మెత్త దొరకదు, నేరుగా సిలిండర్ చివరను గుద్దుతుంది. జారుడు తగ్గుతూ వచ్చి ఒక దగ్గర పూర్తిగా మాయమవుతుంది. అక్కడే ఆగిపోవాలని చేయి అంటుంది. ఆగకుండా పావు చుట్టు వెనక్కి తిప్పి, కొంచెం జారుడు మిగల్చండి. పాత పిస్టళ్లలో సియర్ అంచులు కొంత గుండ్రబడి ఉంటాయి. కొత్తదానికి సరిపోయే పట్టు వీటికి చాలదు.

ఇప్పుడు తట్టి చూసే పరీక్ష. కాక్ చేసి, పెల్లెట్ పెట్టి, గొట్టం ట్రాప్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, గ్రిప్ అడుగున అరచేత్తో గట్టిగా పదిసార్లు తట్టండి. ఒక్కసారి పేలినా సియర్ పట్టు తక్కువైనట్టే. అర చుట్టు పెంచి, పరీక్ష మొత్తం మళ్లీ మొదటినుంచి చేయండి. ఈ పరీక్ష దాటని పిస్టల్‌ను రేంజికి తీసుకుపోవద్దు.

మొదటి దశకు మా సలహా: మొత్తం 500 గ్రాముల్లో 350 నుంచి 400 దాకా మొదటి దశకే పోనివ్వండి. మిగిలిన వంద, నూటయాభై గ్రాములే రెండో దశకు సరిపోతాయి. రెండో దశ మరీ బరువైతే వేలు ఒక్క ఉదుటున గుంజుతుంది, గొట్టం కొసన ఉండే గురి గుర్తు (ముందు సైట్) కిందికో పక్కకో పోతుంది. మరీ తేలికైతే మొదటి దశ ఎక్కడ ఆగిందో వేలికి తెలియక, గురి కుదరకముందే పేలుతుంది. కొత్తగా నేర్చుకుంటున్నవారికి రెండో దశ కొంచెం ఎక్కువగానే ఉంచడం మేలు.

పేలిన తర్వాత ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపేది స్టాప్ స్క్రూ. ట్రాప్ ముందు ఒక్కో షాట్ కాలుస్తూ, అసలు పేలడం ఆగిపోయేదాకా దాన్ని బిగించి, అక్కడినుంచి అర చుట్టు వదులు చేయండి. పేలని షాట్ దగ్గర పిస్టల్ కాక్ అయ్యే ఉంటుందని గుర్తుంచుకొని, గొట్టాన్ని ట్రాప్ నుంచి కదపకుండానే వదులు చేసి పేల్చేయండి. స్టాప్ సరిగ్గా పేలే అంచున ఉంటే సియర్ అంచులు పూర్తిగా తప్పుకోవు, విడిపోతూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. నెల తిరిగేసరికి ఒక షాట్ తేలిగ్గా, ఒక షాట్ బరువుగా పోవడం మొదలవుతుంది.

పనంతా అయ్యాక స్క్రూ తల అంచున గోళ్ల రంగు ఒక చుక్క పెడితే చాలు. గట్టిపడే థ్రెడ్ లాక్ జిగురు పోస్తే రేపు తిప్పాలన్నా తిరగదు.

ఇంకో మాట. సైడ్ లివర్ తెరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు లివర్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకునే ఉండాలి. సియర్ సర్దుతున్న రోజుల్లో ఇది మరీ ముఖ్యం. సియర్ జారితే లివర్ స్ప్రింగ్ బలమంతా కూడగట్టుకొని మూసుకుంటుంది. ఆ దారిలో వేలుంటే ఇక ఆ వేలు మిగలదు.

జిల్లా పోటీల ముందు ఇంట్లోనే ట్రిగ్గర్ బరువు చూసుకోవాలి. అసలైన టెస్ట్ వెయిట్ కొనాలా? – నల్లగొండ

కొనకపోయినా నడుస్తుంది. నియమం ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు మోయాలి. గొట్టాన్ని నిట్టనిలువుగా పైకి పెట్టి, సమతలం మీద ఉన్న బరువును ట్రిగ్గర్ మధ్యభాగానికి తగిలించి, నేలనుంచి పూర్తిగా పైకి లేపాలి. లేచేదాకా పేలకూడదు. తగిలించే కొక్కేనికి లోహపు అంచో, రబ్బరు అంచో ఉండాలి, తిరిగే రోలర్ పనికిరాదు. బరువు కూడా స్ప్రింగ్ కాటా కాకుండా నిజమైన తూకం రాయే కావాలి. పిస్టల్ కాక్ చేసి ఉండాలి. కాక్ చేయని పిస్టల్ మీద తీసిన లెక్క చెల్లదు, ఎందుకంటే మెయిన్ స్ప్రింగ్ ఒత్తిడి సియర్ మీద ఉన్నప్పుడు ట్రిగ్గర్ వేరుగా నడుస్తుంది. పోటీలో లేపడానికి మూడు అవకాశాలిస్తారు. ఆట అయిపోయాక కూడా కొందరిని ఎంచి మళ్లీ చూస్తారు, అక్కడ తప్పితే డిస్‌క్వాలిఫై చేస్తారు.

కిరాణా దుకాణాల్లో తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న అరకిలో ఇనుప రాయి దొరుకుతుంది. సైకిల్ స్పోక్‌ను వంచి కొక్కెం చేసి దానికి బిగించండి. తర్వాత రెండింటినీ కలిపి బంగారం దుకాణం కాటా మీద తూయించండి. కొక్కెం కూడా బరువే కాబట్టి మొత్తం ఐదు వందల పైన పది గ్రాముల దాకా రావచ్చు. రానివ్వండి, ఎంత వచ్చిందో రాయిమీద రాసిపెట్టుకోండి. మీ ట్రిగ్గర్‌ను 515 నుంచి 520 దగ్గర ఉంచమని మా సలహా. 501 దగ్గర ఉంచి మురిసిపోయేవాళ్లున్నారు. రేంజిలో ఎండ, దుమ్ము, ప్రయాణంలో తగిలిన ఒక దెబ్బ చాలు, అది 495 కావడానికి.

బరువు లేపేటప్పుడు గొట్టం ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి పెల్లెట్ పెట్టొద్దు. పొరపాటున పేలినా పిస్టన్‌కు మెత్తగా ఉండటానికి క్లీనింగ్ ఫెల్ట్ ముక్కలు రెండు పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకొని, పైన ఎవరూ లేని చోట చేయండి. నెమ్మదిగా లేపండి. కుదిపితే అరకిలో రాయి ఆ క్షణానికి ఆరు వందల గ్రాములై లాగుతుంది, బాగున్న ట్రిగ్గర్ కూడా తప్పినట్టు కనిపిస్తుంది.

కొక్కెం ఎక్కడ తగిలించారన్నది చాలామంది పట్టించుకోరు. ట్రిగ్గర్ ఇరుసు పైన ఉంటుంది. కొక్కెం కిందికి జారినకొద్దీ మీట పొడవు పెరిగి, తక్కువ బరువుకే పేలుతుంది. ఇరుసునుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో 500 గ్రాములకు పేలే ట్రిగ్గర్, 23 మిల్లీమీటర్ల దగ్గర దాదాపు 435కే పేలుతుంది. ఇంట్లో ఒకచోట, పోటీలో ఒకచోట తగిలిస్తే లెక్కలు కలవవు. ట్రిగ్గర్ బ్లేడు మధ్యలో మార్కర్‌తో చిన్న చుక్క పెట్టుకోండి.

సియర్‌ను నీటి కాగితంతో (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితంతో) సాన పెడితే ట్రిగ్గర్ వెన్నలా నడుస్తుందని ఒకరు చెప్పారు. చేయవచ్చా? – జడ్చర్ల

వద్దు. సియర్ అంచుకు పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది, లోపలి ఉక్కు మెత్తన. ఆ పొర చాలా పలచన. నీటి కాగితంతో నాలుగుసార్లు రుద్దితే అది చిరుగుతుంది. మొదటి వంద షాట్లు నిజంగానే అద్భుతంగా పోతాయి, అందుకే ఈ సలహా ఇంతగా పాకింది. తర్వాత మెత్తటి లోహం నొక్కుకుపోయి, ట్రిగ్గర్ బరువు రోజుకో తీరుగా మారుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం కోణం. రెండు అంచులూ కలిసే కోణం ఏ కొంచెం మారినా, మెయిన్ స్ప్రింగ్ ఒత్తిడే సియర్‌ను బయటికి నెడుతుంది. అప్పుడు వేలు పెట్టకుండానే పిస్టల్ పేలుతుంది. చేత్తో కాగితం పట్టుకొని ఆ కోణాన్ని కాపాడటం ఎవరి తరమూ కాదు.

గరుకుగా ఉందంటే తొంభై పాళ్లు అది మురికి. పాత గ్రీజు ఎండి గోధుమరంగు జిగురై ఉంటుంది. ట్రిగ్గర్ యూనిట్‌ను లైటర్ పెట్రోల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నిప్పు దగ్గర లేకుండా, కిటికీలు తెరిచి చేయాల్సిన పని. ఆరాక సియర్ అంచుల మీద గుండుసూది తలంత మాలిబ్డినం గ్రీజు, ఇరుసుల మీద కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క. అంతకుమించి అక్కర్లేదు. అప్పటికీ గరుకుగా ఉంటే, భూతద్దంతో అంచును చూడండి. పగులో నొక్కో కనిపిస్తే ఆ భాగం మార్చాల్సిందే.

ఇల్లు జిన్నింగ్ మిల్లు పక్కన ఉంటుంది. ఎండాకాలంలో ట్రిగ్గర్ మెత్తబడినట్టు, వానాకాలంలో బిగిసినట్టు అనిపిస్తుంది. ఇది నిజమా, భ్రమా? – గద్వాల

కొంత నిజం. మే నెల నలభై డిగ్రీల ఎండకు ట్రిగ్గర్ స్ప్రింగ్ ఉక్కు పట్టించుకునేంతగా ఏమీ మారదు. మారేది గ్రీజు. వేడికి పలచబడి సియర్ మీదినుంచి పక్కకు పాకుతుంది, చల్లబడితే చిక్కబడుతుంది. మీ దగ్గర దానికి పత్తి నూగు తోడవుతుంది. నూనె తడిమీద నూగు పేరుకుంటే ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడానికి బద్ధకిస్తుంది, అదే మీకు బిగిసినట్టు అనిపించేది. నూనె తగ్గించడమే మందు. మీ పరిసరాల్లో పొడిగా ఉన్న ట్రిగ్గర్ తడిగా ఉన్నదానికన్నా ఎక్కువ రోజులు బాగుంటుంది. తుప్పు పోగొట్టే స్ప్రేలు లోపలికి కొట్టకండి. కొన్నాళ్లకు అవే జిగురుగా మిగులుతాయి, పైగా స్ప్రింగ్ పిస్టల్ సిలిండర్‌లోకి చేరితే గాలి కుదింపు వేడికి భగ్గుమని మండి సీలును కాలుస్తాయి.

మిగతాది గ్రిప్. వాల్‌నట్ చెక్క వానాకాలం చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి కూడా ఉబ్బుతుంది. పట్టు మారితే వేలు ట్రిగ్గర్‌ను తాకే చోటు మారుతుంది, మనకది ట్రిగ్గర్ మారినట్టే తోస్తుంది. అరకిలో రాయితో తూచి చూస్తే ఏది నిజమో తేలిపోతుంది. పిస్టల్ పెట్టెను మాత్రం ఎండలో ఆపిన కారులో వదలొద్దు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. అకాడమీలోని పాత పిస్టల్ ట్రిగ్గర్ బరువని చెబుతోంది. తూస్తే 510 గ్రాములే ఉంది. – సూర్యాపేట

బరువు సరిగ్గానే ఉంది, దూరమే ఎక్కువై ఉంటుంది. పెద్దల చేతికి సర్దిన ట్రిగ్గర్ బ్లేడు ముందుకు ఉంటుంది. చిన్న చేయి అందుకోవాలంటే వేలు పూర్తిగా చాచాలి, చాచిన వేలికి బలం ఉండదు. బ్లేడును ముందుకీ వెనక్కీ జరిపే స్క్రూ వదులు చేసి, మొదటి కణుపు మెత్తటి భాగం మధ్య ట్రిగ్గర్ మీద పడేదాకా వెనక్కి తెండి. గుంజేటప్పుడు ఆ కణుపు గొట్టానికి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో ఉండాలి. వేలి మిగతా భాగానికీ గ్రిప్ చెక్కకూ మధ్య సందు కనిపించాలి. సందు లేకపోతే వేలు కదిలినప్పుడల్లా చెక్కను నెట్టి గురిని పక్కకు తిప్పుతుంది. బ్లేడు జరిపాక బరువు మళ్లీ తూచండి.

బ్లేడు వెనక్కి చివరిదాకా వచ్చినా అందకపోతే ట్రిగ్గర్‌ను వదిలేసి చిన్న సైజు గ్రిప్ వెతకండి. బరువు 450కి తగ్గించి నేర్పిస్తే మాత్రం, పోటీ రోజున 500 గ్రాముల ట్రిగ్గర్ ఆ పిల్లకు కొత్తదవుతుంది.

లైసెన్సుతో ఉన్న పాత పాయింట్ 22 హామర్లీ పిస్టల్ ట్రిగ్గర్‌ను కూడా 500 గ్రాములకు తేవచ్చా? – మహబూబ్‌నగర్

తేకూడదు. 25 మీటర్ల పోటీలకు కనీస బరువు 1000 గ్రాములు. 500 నియమం ఎయిర్ పిస్టల్‌కు మాత్రమే. బయటికి కనిపించే సర్దుబాటు స్క్రూలను మాన్యువల్ చెప్పిన హద్దుల్లో తిప్పుకోవడం వేరు, లోపలి భాగాలు మార్చడం, అరగదీయడం వేరు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకుల రిపేరు పని లైసెన్సు ఉన్నవారే చేయాలి. అలాంటివారి దగ్గరికే తీసుకెళ్లండి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో సియర్ పట్టు తగ్గితే ఒక్క నొక్కుకు రెండు గుండ్లు పోయే ప్రమాదం ఉంది.

ట్రిగ్గర్ ఒక్కోసారి నొక్కినా పేలదు. వదిలి మళ్లీ నొక్కితే పేలుతుంది. – నాగర్‌కర్నూల్

స్టాప్ స్క్రూ బిగువుగా ఉంది. పావు చుట్టు వదలండి. అప్పటికీ అంతే అయితే ట్రిగ్గర్ వెనక నూగో, పెల్లెట్ నుంచి రాలిన సీసపు పొరకో ఇరుక్కుందేమో చూడండి. మీది ఎలక్ట్రానిక్ ట్రిగ్గరైతే ముందు బ్యాటరీ మార్చి, కాంటాక్టులు తుడవండి.

కంప్రెస్డ్ ఎయిర్ సిలిండర్‌తో ఉన్న స్టయర్ పిస్టల్ బేరానికి వచ్చింది. ట్రిగ్గర్ బాగుంది. ఇంకేం చూడాలి? – దేవరకొండ

సిలిండర్ మీది తేదీ. తయారైన నాటినుంచి పదేళ్లు దాటితే పోటీలో అనుమతించరు. గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే. 200 బార్ ఒత్తిడి పట్టే సిలిండర్ చేతిలో ఉన్నప్పుడు దీన్ని కాగితపు నియమం అనుకోవద్దు. కొత్త సిలిండర్ ధరను బేరంలోంచి తగ్గించి లెక్కవేయండి. ఈ రకం పిస్టల్‌లో గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కి చూసే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. కొనే ముందు అందులో ఇరవైసార్లు నొక్కండి, మొదటి దశ ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. తర్వాత సిలిండర్ బిగించి, గేజి చూసి, రాత్రంతా ఉంచి, పొద్దున ముల్లు కిందికి దిగిందేమో చూడండి. దిగితే సీళ్లు మార్చే ఖర్చు కూడా బేరంలో కలపండి.